తూకం తగ్గితే నసీబు అంటారా?

సంపాదకులు గారికి సలాం, నమస్కారం.

నాందేడ్ జిల్లాలో తెలంగాణకు ఆనుకున్న ఒక ఊళ్లో ఎండుమిర్చి ఆడ్తి దుకాణంలో గుమాస్తాను. ఇంట్లో దక్కనీ, దుకాణంలో తెలుగు, సర్కారు కాగితాలన్నీ మరాఠీ, అలా నడుస్తుంది మా బతుకు. పోయిన నెల పక్క దుకాణంలో చూసిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఒక రైతు పదకొండు బస్తాలు తెచ్చాడు. ఊళ్లోనే తూకం వేయించుకుని వచ్చాడు, చీటీ జేబులో ఉంది. ఇక్కడ కాంటా మీద పెడితే బస్తాకు కిలోన్నర తగ్గింది. ఆయన చీటీ తీసి చూపిస్తే షావుకారు (మావాడే, ఐదు పూటలా నమాజు తప్పనివాడు) దాని వంక చూడనైనా చూడకుండా "నీ నసీబులో ఎంత రాసుంటే అంతే భాయ్" అన్నాడు. రైతు మారు మాట్లాడలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

తూకం కొట్టడం ఇక్కడ కొత్తేం కాదు, నాకు మండింది ఆ మాటకి. తఖ్దీర్‌ను, అంటే అల్లాహ్ రాసిన రాతను, నమ్మడం మా ఈమాన్‌లో (విశ్వాసంలో) భాగమే, కాదనను. కానీ మదీనా బజారులో జరిగిన ఒక సంగతి సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటల) పుస్తకంలో ఉంది, దాన్ని మిర్చి వ్యాపారం చేసే ప్రతివాడూ చదవాలి. ప్రవక్త ఒక ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. ఏమిటిదని అడిగితే అమ్మేవాడు వాన పడిందన్నాడు. మరి తడిసింది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు ప్రవక్త. వాన కురిపించింది అల్లాహ్, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. తడి గింజల్ని అడుగుకి తోసిన చెయ్యి మాత్రం ఆ మనిషిది. మా యార్డులో పైన ఎర్రగా మెరిసే కాయ, అడుగున తాలు కాయ పోసి తెచ్చే రైతులూ లేకపోలేదు, ఈ మాట వాళ్లకీ తగులుతుంది.

సిరియాలో ప్లేగు వచ్చినప్పుడు ఖలీఫా ఉమర్ దారి మధ్యలో వెనక్కి తిరిగితే, అల్లాహ్ రాసిన రాత నుంచి పారిపోతున్నారా అని అక్కడి సేనాని అబూ ఉబైదా అడిగారు. అవును, ఆయన రాత నుంచి ఆయన రాతలోకే వెళ్తున్నాం అని ఉమర్ జవాబు. ఒక పక్క పచ్చిక, ఒక పక్క ఎండిన నేల ఉన్న లోయలో ఒంటెల్ని నువ్వు ఎటు తోలినా అది అల్లాహ్ రాతే కదా అని కూడా అన్నారు. అంటే రాతను నమ్మినవాడు కూడా ఒంటెను ఎటు తోలాలో ఆలోచించుకోవాల్సిందే.

దీనిమీద మా పండితులు వందల ఏళ్లు వాదించుకున్నారు. మనిషి పనులు మనిషివే, లేకపోతే శిక్షించడం అన్యాయమవుతుంది అన్నారు ముఅతజిలీలు అనే వర్గం వాళ్లు. పదో శతాబ్దంలో అష్అరీ అనే పండితుడు, పనిని సృష్టించేది అల్లాహ్, మనిషి దాన్ని సంపాదించుకుంటాడు అన్నారు. ఆ సంపాదనకు ఆయన వర్గం పెట్టిన పేరు కస్బ్. మాలాంటి లెక్కలు రాసేవాళ్లకు ఇట్టే అర్థమయ్యే మాట, సరుకు ఎక్కడి నుంచి వచ్చినా పద్దు పడేది నీ ఖాతాలోనే. అంత గొడవపడ్డ ఈ రెండు వర్గాల్లో ఎవరిని అడిగినా ఆ షావుకారును వదిలిపెట్టరు.

ఖురాన్ 83వ సూరా (అధ్యాయం) పేరే ముతఫ్ఫిఫీన్, తూకం కొట్టేవాళ్లు అని. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు వినాశనం అని మొదలవుతుంది. మా మసీదులో జుమా ప్రసంగాల్లో రోజా (ఉపవాసం) గురించి, జకాత్ (దానం) గురించి ఎన్నోసార్లు విన్నాను, కాంటా గురించి విన్నది ఒక్కసారి కూడా గుర్తులేదు. ఇమాం సాబ్‌లు సీజన్ మొదట్లో ఒక్క శుక్రవారం ఈ సూరా మీద మాట్లాడాలి. యార్డు గేటు దగ్గర రైతు తనే మళ్లీ తూకం చూసుకునేలా పైసా తీసుకోకుండా ఒక కాంటా పెట్టాలి. ఎలక్ట్రానిక్ కాంటాలకు ఏటా ముద్ర వేయించాలన్న రూలు ఎలాగూ ఉంది, ఆ ముద్ర తారీఖు రైతుకు కనపడేలా ఉంటే చాలు.

ఇంతా రాసి మా కాంటా చూడకపోతే బాగుండదని నిన్న పొద్దున దుకాణం తెరవగానే చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 300 గ్రాములు చూపిస్తోంది. మా షావుకారుకు చెప్తే మెకానిక్‌ను పిలుద్దాంలే అన్నారు, ఇంకా పిలవలేదు. దుకాణానికి మీ పేపరు వేయించుకునేది ఆయనే, రాగానే ముందు చదివేదీ ఆయనే.

ఒక మిర్చి గుమాస్తా,
నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర