పొగలేని నిప్పు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు వచ్చి వెళ్తూ నోటు పుస్తకం ఒకటి ఇక్కడే మరచిపోయావు. ఢిల్లీకి పోస్టులో పంపుదామని తీసి, తెరిచి చదివాను. అడగకుండా చదివానని ఏమీ అనుకోకు.

అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం ‘తర్కసంగ్రహం’ మీద నువ్వు రాసుకున్న పాఠం అది. 17వ శతాబ్దపు ఆ పండితుడు మన తెలుగువాడేనని నాకు ఇన్నాళ్లూ తెలియదు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పవచ్చు, వంటింట్లో చూశాం కనుక. ఇది అందరికీ తెలిసిందేలే అనుకుంటూ పేజీ తిప్పాను. నిప్పు ఉంది కనుక పొగ ఉంటుందని మాత్రం అనకూడదట! కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చి కట్టె తోడు కావాలి. పైకి చెప్పకుండా దాగిన ఆ షరతు పేరు ‘ఉపాధి’.

పన్నెండో ఏట నుంచి కొలిమి దగ్గరే ఉన్నానమ్మా. బొగ్గుల్లోంచి పట్టకారుతో తీసిన కర్రు ఎర్రగా వెలుగుతుంది, దాని చుట్టూ గాలి వేడికి వణుకుతుంది, పొగ రాదు. రోజూ చూసిన ఈ సంగతికి ఒక వాదనను పడగొట్టే బలం ఉందని నాకు ఏనాడూ తోచలేదు.

‘ఉపాధి’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నువ్వు తత్త్వశాస్త్రం తీసుకుంటానన్న రోజు ‘ఆ చదువుతో ఉపాధి ఎక్కడ?’ అని కేకలేశాను. ఇంజినీరింగ్ చదివితే ఉద్యోగం వచ్చి తీరుతుందన్నాను. మీ పెద్దనాన్న కొడుకు ఆ చదువు పూర్తిచేసి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడని నాకు అప్పుడూ తెలుసు. నా మాటలోనూ ఒక పచ్చి కట్టె దాగి ఉంది. నేను చూడలేదు. నువ్వు ఎదురు చెప్పకుండా ఏడ్చావు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టు ఉంటుంది.

నీ ఉద్యోగం గురించి నాకు దిగులు పోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఒక మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో విడదీసి చూపే చదువును పనికిరానిదని ఇక అనను. ఎవరన్నా ఊరుకోను.

పుస్తకం రేపు పంపుతాను. శబ్దం నిత్యమని ఒకరు, కాదని ఒకరు వాదించే పేజీలో పెన్సిలుతో గుర్తు పెట్టాను. సుత్తి దెబ్బ చప్పుడు అప్పుడే పోతుంది కదా, నిత్యమని ఎలా అంటారు? ఆదివారం ఫోనులో చెప్పు.

నాన్న