ఏడింటికి ఫోన్ చేసి ఏం వండాలని అడిగే మా చిన్నోడికి

చిన్నోడా,

నిన్న సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేసి, "అమ్మా, ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్తా, ఏం వండాలో నువ్వు చెప్పు" అంటూ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. వెనకాల పాప ఆకలి ఆకలి అని ఒకటే గోల. అప్పటికేదో చెప్పి పెట్టేశాను గానీ, తర్వాత నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక నిజం ఒప్పేసుకుంటా. నేను చాలా బద్ధకస్తురాలినిరా వంట విషయంలో. "మా అమ్మ వంట" అని నువ్వు అందరి దగ్గరా గొప్పలు పోతావే, అందులో సగం నేను ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కుర్చీలో పడేసి ఎంత తొందరగా అయిపోతుందా అని చేసినవే. మీ నాన్నకి ఈ సంగతి తెలుసు. ఎప్పుడూ బయటపెట్టలేదు, ఎందుకంటే గిన్నెలు తోమేది ఆయన, నేను ఒకే గిన్నెలో కానిచ్చేస్తే సుఖపడేదీ ఆయనే.

నీకు వండటం వచ్చు. ఏడింటికి, కడుపు కాలుతుండగా, ఏం వండాలో తేల్చుకోవడం రాదు. నాకూ రాదు. అందుకని ఆదివారం పూట కడుపు నిండుగా ఉన్నప్పుడే ఐదు రోజులకి ఐదు వంటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేదాన్ని. మంగళవారం గుడ్లంటే గుడ్లే. మళ్ళీ గుడ్లేనా అని మీరు మూతి ముడిస్తే ఆ కాగితం వైపు వేలు చూపించేదాన్ని, అదేదో పైనుంచి వచ్చిన ఆర్డరైనట్టు.

ఆ గుడ్ల సంగతే చెప్తా, ఎందుకంటే నువ్వు అన్నిటికంటే ఇష్టంగా తిన్నది అదే. వెడల్పాటి పెనంలో ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, నాలుగైదు టమాటాలు తరిగి వేసి, ఉప్పూ కారం చల్లి, ఓ పావుగంట దాని మానాన దాన్ని వదిలెయ్. నీరంతా ఇంకి, గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడిపోకుండా నిలవాలి. అప్పుడు గరిటె వెనకభాగంతో నాలుగు గుంటలు చేసి ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కొట్టి, మంట తగ్గించి మూత పెట్టేయ్. ఐదారు నిమిషాలు. తెల్లసొన గట్టిపడుతుంది, పెనం కదిపితే పచ్చసొన ఇంకా వణుకుతూ ఉంటుంది. పాపకి పెట్టేది మాత్రం మరో రెండు మూడు నిమిషాలు ఉంచి పూర్తిగా గట్టిపడనియ్. బ్రెడ్ ఉంటే చాలు, తోమడానికి ఒక్క పెనమే.

అన్నట్టు, వంటల వీడియోల్లో ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగిపోతాయని చెప్తారు, నమ్మకు. మాడకుండా నిజంగా ఎర్రబడాలంటే అరగంటకి పైనే పడుతుంది. మామూలు రోజున మెత్తబడితే చాలు, ముందుకెళ్ళిపో.

ఒవెన్ ఉండి కూడా వాడవేంట్రా? ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, చికెన్ కాళ్ళు, అంగుళం ముక్కలుగా కోసిన బంగాళాదుంపలు, క్యారెట్లు, కాస్త నూనె, ఉప్పు, మిరియాలు వేసి, 200 డిగ్రీల్లో ముప్పావుగంట పెట్టి నువ్వెళ్ళి పాపతో ఆడుకో. క్యాప్సికం లాంటి మెత్తవి ఆఖరి పావుగంటలోనే వెయ్యి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. నువ్వు పోయినసారి ఫోటో పంపిన ట్రే కిక్కిరిసి ఉంది, అందుకే అవి వేగలేదు, వాటి ఆవిరికి అవే ఉడికిపోయి పాలిపోయాయి. చికెన్ లోపల ఉడికిందో లేదో టెన్షనైతే థర్మామీటర్ ఒకటి కొనుక్కో, ఎముకకి తగలకుండా కండలో గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. ఇంకోటి, పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడగకు, ఆ తుంపర్లు సింకు చుట్టూ పడి లేనిపోని రోగాలు.

గడ్డకట్టించిన బఠానీలు తెచ్చి పెట్టుకోవడానికి సిగ్గుపడకు. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి వాటిలో పోయేదేం పెద్దగా లేదు, పైగా ఒలిచే పని లేదు.

అన్నం రేపటికి కూడా కలిపి వండెయ్, చల్లబడ్డ మెతుకు గట్టిపడి పొడిపొడిగా ఉంటుంది, గుడ్డూ బఠానీలూ వేసి వేయించడానికి అదే బాగుంటుంది. కానీ పెద్ద గిన్నెని అలాగే ఫ్రిజ్‌లోకి తొయ్యకు. నేనోసారి తోసేసి, పడుకునే ముందు ఎందుకో గరిటె దింపి చూస్తే పైన చల్లగా, మధ్యలో గోరువెచ్చగా ఉంది. ఆ అన్నం పారబొయ్యలేక మర్నాడు నేనొక్కదాన్నే తిని, సాయంత్రానికల్లా బాత్రూమ్ పాలయ్యాను. వండినా చావని క్రిములు కొన్ని అన్నంలో ఉంటాయట, వెచ్చగా ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, దాన్ని మళ్ళీ వేడి చేసినా లాభం లేదు. పళ్ళేల్లో పలచగా పరిచి, గంటలోపు చల్లార్చి లోపల పెట్టు, మర్నాడు పొగలొచ్చేలా వేడి చేసి తినెయ్యండి.

నువ్వు కొన్న ఆ స్లో కుక్కర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, వాడుకో. ఎర్ర రాజ్మా మాత్రం పచ్చివి అందులో వేసి ఆఫీసుకి వెళ్ళిపోకు, వాటిలోని విషం ఆ కొద్దిపాటి వేడికి పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు కుతకుతా ఉడికించాకే అందులో వెయ్యి. డబ్బాల్లో వచ్చేవి ముందే ఉడికినవి, వాటికి ఈ గొడవ లేదు.

కోడలు అలసిపోయి వచ్చిన రోజున నీ ప్రయోగాలు పెట్టుకోకు, గుడ్లు వండు.

ఈ ఆదివారం కాగితం రాసి ఫోటో తీసి పంపు. ఐదింట్లో ఒకరోజు "బయట తినడం" అని ఉన్నా నేనేమీ అనను. నాదాంట్లోనూ ఉండేది, మీ నాన్న పుట్టినరోజని చెప్పేదాన్ని, ఏడాదికి మూడు నాలుగుసార్లు.

అమ్మ