సీబీ రేడియోకి బూస్టరెందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాతకాలపు అభిరుచుల మీద వచ్చిన వ్యాసం చదివాను. తపాలా బిళ్లలు, నాణేలు, గ్రామఫోన్ రికార్డుల సరసన సిటిజన్స్ బ్యాండ్ రేడియోకి (సీబీ, అంటే మామూలు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో సెట్టు) కూడా ఒక పేరా దక్కినందుకు సంతోషం. కానీ ఆ పేరాలో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. సెల్‌ఫోన్ రావడంతో సీబీ కథ ముగిసిందన్నది ఒకటి. దూరం మాట్లాడాలంటే సెట్టుకి పవర్ బూస్టర్, అంటే పంపే శక్తిని పెంచే పెట్టె, తగిలించుకుంటే చాలన్నది రెండోది. మొదటిది అభిప్రాయం, ఎవరిష్టం వాళ్లది. రెండోది మాత్రం సవరణ వేయాల్సినంత తప్పు.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పుకోవాలి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ కూర్చున్న తరానికి మా గొంతులు గుర్తుండే ఉంటాయి. ఉద్యోగమంతా ఎవరో అడిగితే ఇంకెవరినో కలపడమే. కలిశాక లైన్లోంచి తప్పుకోవాలి, అది మా ధర్మం. సీబీలో ఆ బాధ లేదు. ఎవరికీ నంబరుండదు. ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విని, మైకు బటన్ నొక్కి, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాం. పలికితే పలికారు, లేకపోతే లేదు. ఎవరు పలుకుతారో ముందే తెలిస్తే నేనసలు ఆ సెట్టు కొనేదాన్నే కాదు.

ఇక్కడ సొంత పేరు చెప్పుకోవడం తక్కువ. ఎవరికి నచ్చిన హ్యాండిల్, అంటే మారుపేరు, వాళ్లు పెట్టుకుంటారు. నాది ‘ట్రంక్ కాల్’. అమెరికా అధ్యక్షుడి భార్యగా ఉన్న రోజుల్లో బెట్టీ ఫోర్డ్ ‘ఫస్ట్ మామా’ అనే హ్యాండిల్‌తో సీబీలో మాట్లాడేవారు. అంతటి ఆవిడకే మొహమాటం లేనప్పుడు నాకెందుకు?

మీ వ్యాసంలో చరిత్ర లేదు కాబట్టి రెండు మాటలు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945 ప్రాంతంలో, మామూలు పౌరులకూ రేడియో తరంగాల్లో కొంత చోటివ్వాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. వాకీటాకీ తొలి రూపకర్తల్లో ఒకరైన అల్ గ్రాస్ ఆ పనిమీదే కంపెనీ పెట్టారు. మొదట ఇచ్చిన చోటు 460 మెగాహెర్ట్జ్ పైన. ఆ రోజుల్లో అంత పైన చవగ్గా సెట్టు చేయడం ఎవరి వల్లా కాలేదు. 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానెళ్లు ఇచ్చాక గానీ జనం చేతికి రాలేదు. 1973 చమురు సంక్షోభం, ఆ వెంటనే అక్కడి రోడ్ల మీద గంటకు 55 మైళ్ల వేగపరిమితి వచ్చాయి. ఏ బంకులో డీజిల్ ఉంది, ఏ మలుపులో పోలీసు కాపు కాశాడు అని లారీ డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకోవడానికి సీబీ పట్టుకున్నారు. వాళ్లను చూసి దేశమంతా పట్టుకుంది. 1977లో ఛానెళ్లు 40 అయ్యాయి. 1983కల్లా లైసెన్సు అవసరమే తీసేశారు. బ్రిటన్‌లో దొంగచాటుగా తెచ్చుకున్న అమెరికా సెట్లతో జనం మాట్లాడుతుంటే పట్టుకోలేక, చివరికి 1981 నవంబరులో ఎఫ్ఎం పద్ధతిలో అనుమతించారు. భారతదేశంలో 2005 నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా, 5 వాట్లకు మించకుండా, లైసెన్సు అక్కర్లేదు. అంటే అమెరికా లెక్కలో 27వ ఛానెల్ వరకే. మిగతావి ఆ గీత దాటి ఉంటాయి. సెట్టు మీద 40 అంకెలున్నాయి కదా అని అన్నిట్లోనూ బటన్ నొక్కకూడదు. ఎవరు ఏ దేశంలో ఉంటే అక్కడి నిబంధన చూసుకోవాలి.

సెల్‌ఫోన్ సంగతి తొందరగా తేల్చేస్తాను. ఫోను మనకు తెలిసిన ఒక్కరికి పోతుంది. సీబీ ఆ చుట్టుపక్కల వింటున్న అందరికీ పోతుంది, మనకు తెలియనివాళ్లకే ఎక్కువగా పోతుంది. రెండూ చేసే పని ఒకటి కానప్పుడు ఒకటొచ్చి రెండోదాన్ని ఎలా చంపుతుంది? లారీల 19వ ఛానెల్‌లో ముందు రోడ్డు మూసుకుపోయిందని చెప్పేవాడికి వెనక వస్తున్న ఎవరి నంబరూ తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

ఇక బూస్టర్. చాలా దేశాల్లో సీబీకి ఏఎంలోనైనా ఎఫ్ఎంలోనైనా 4 వాట్లే పరిమితి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఆ అంకె చూడగానే పెదవి విరుస్తారు. నాలుగు వాట్లేంటండీ, నైట్ బల్బుకే చాలదు అంటారు. వాళ్లకు నేను సెట్టు మీది ఎస్-మీటర్ చూపిస్తాను. అవతలి సిగ్నల్ ఎంత గట్టిగా వస్తోందో చెప్పే ముల్లు అది. లెక్క ప్రకారం ఆ ముల్లు ఒక గీత పైకి కదలాలంటే అవతలివాడు శక్తిని నాలుగు రెట్లు చేయాలి. నాలుగు వాట్లవాడు పదహారు చేస్తే ఒక గీత, అరవై నాలుగు చేస్తే రెండు. ఆ రెండు గీతల కోసం ఒక అదనపు పెట్టె, దానికి కరెంటు, దాని వేడి, పైగా చట్టంతో తగాదా. బూస్టర్లు చాలాచోట్ల నిషిద్ధం.

అంత చేసినా మనకు వినిపించేది పెరగదు. మన గొంతు పది ఊళ్లకు పోతుంది, వాళ్ల జవాబు మన దాకా రాదు. రేడియోవాళ్లు ఇలాంటి స్టేషన్‌ని మొసలి అంటారు, నోరు ఇంత పొడుగు, చెవులు కనబడవు. ఛానెళ్ల మధ్య దూరం పది కిలోహెర్ట్జ్ మాత్రమే. నాసిరకం బూస్టర్ పక్క ఛానెళ్ల మీద కూడా పడి గోల చేస్తుంది. దాని గోల రెట్టింపు అంకె దగ్గర కూడా పడుతుంది, 27కి రెట్టింపు 54 మెగాహెర్ట్జ్. పాత రోజుల్లో అమెరికాలో టీవీ రెండో ఛానెల్ మొదలయ్యేది అక్కడే. పక్కింటి టీవీలో గీతలు పడి తలుపు తట్టిన తగాదాలు ఊరికే రాలేదు.

దూరం కావాలంటే డబ్బూ ఓపికా యాంటెన్నా మీద పెట్టాలి. అది పంపడానికీ వినడానికీ రెంటికీ పనికొస్తుంది. ఈ తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు, అందులో నాలుగో వంతు రెండుముప్పావు మీటర్లు. కారుకి బిగించే 102 అంగుళాల స్టీలు కడ్డీ ఆ లెక్కలో వచ్చిందే. అంత పొడుగు కడ్డీ అందరికీ కుదరదు గనక చిన్నవాటిలో తీగచుట్ట పెట్టి పొడవు లోటు పూడుస్తారు. కానీ పొట్టిదయ్యేకొద్దీ పస తగ్గుతుంది. అయస్కాంతంతో అతుక్కునే రకమైతే కారు కప్పు నడిమధ్యన పెట్టాలి. ఆ కప్పు రేకే యాంటెన్నాకి రెండో సగం. అందంగా ఉందని ఒక మూలకి తోస్తే సిగ్నల్ ఒకవైపే ఎక్కువగా పోతుంది.

పెట్టాక కొలవాలి. నాకు ఈ అభిరుచి మొత్తంలో ఇష్టమైన పని ఇదే. సెట్టుకీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పేది) కలిపి, కారు తలుపులన్నీ మూసి, ముందు ఒకటో ఛానెల్‌లో, తర్వాత నలభైలో చూడాలి. అన్ని ఛానెళ్లకు అనుమతి లేనిచోట ఉన్నవాటిలో మొదటిదీ చివరిదీ. చివరి ఛానెల్‌లో అంకె ఎక్కువొస్తే కడ్డీ పొడుగైందని అర్థం, మొదటి దాంట్లో ఎక్కువొస్తే పొట్టిదైందని. చిన్న ఆలెన్ కీతో మర వదులు చేసి, కడ్డీని రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దించి, మళ్లీ బిగించి, చెయ్యి తీసి పక్కకి జరిగి, అప్పుడు చూడాలి. మనిషి పక్కనే నిలబడితే అంకె మారిపోతుంది. ఒకటిన్నరలోపు వస్తే పండగే. రెండు వరకూ పరవాలేదు. మూడు దాటితే బటన్ నొక్కకండి, పంపిన శక్తి వెనక్కి తిరిగొచ్చి సెట్టులోని ట్రాన్సిస్టర్‌ని కాలుస్తుంది. ఈ మిల్లీమీటర్ల ముచ్చట పూర్తయ్యాక వినిపించే తేడా ఏ బూస్టరూ ఇవ్వదు.

ఆ తర్వాత చెవులు. ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు చేసే బుర్రుమనే రొదలో బలహీనమైన సిగ్నళ్లు మునిగిపోతాయి. సెట్టుని బ్యాటరీ మీద నడుపుతూ ఇంట్లో ఒక్కొక్క ప్లగ్గే తీసి చూడండి, దొంగ దొరుకుతుంది. హోరుని నొక్కేసే స్క్వెల్చ్ నాబ్ బిగించి నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లకు బలమైన గొంతులే వినిపిస్తాయి. నేను దాన్ని పూర్తిగా విప్పేసి ఆ సముద్రపు హోరు కింద ఏముందో వింటాను. హెడ్‌ఫోన్‌లో కాల్స్ వింటూ బతికిన చెవులు కదా, మావారికి ఏమీ లేనిచోట నాకు మనిషి వినిపిస్తాడు.

ఎస్ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే మరో ప్రసార పద్ధతి) అయితే మరీను. మొదట మాట అర్థం కాదు, ముక్కుతో గొణిగినట్టుంటుంది. క్లారిఫయర్ నాబ్ వెంట్రుకవాసి తిప్పుతూ పోతే, ఒకచోట ఆ గొణుగుడు కాస్తా గొంతవుతుంది, ఆడో మగో, ముసలో పడుచో తెలుస్తుంది. ఇంకాస్త తిప్పితే మళ్లీ పోతుంది.

మీ వ్యాసకర్తకు తెలియని సంగతి అసలు ఇది: ఆ నాలుగు వాట్లే ఒక్కోరోజు వేల కిలోమీటర్లు పోతాయి. మామూలుగా ఈ తరంగాలు కొన్ని కిలోమీటర్లు, మంచి ఎత్తులో ఉంటే కొన్ని పదుల కిలోమీటర్లు పోయి ఆగుతాయి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో పైనున్న అయనావరణం (వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పై పొర) వాటిని అంతరిక్షంలోకి పోనివ్వకుండా కిందికి తిప్పి పంపుతుంది. మేం స్కిప్ అంటాం. మచ్చల చక్రం సుమారు 11 ఏళ్లది. ఈసారి శిఖరదశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. మచ్చలతో పని లేకుండా, వేసవిలో వంద కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్టుండి ఏర్పడే పొరల వల్ల కూడా స్కిప్ వస్తుంది. అప్పుడు వెయ్యీ రెండు వేల కిలోమీటర్ల అవతలివాళ్లు పక్క వీధిలోంచి మాట్లాడినట్టు వస్తారు, వాక్యం సగంలో ఉండగానే పోతారు. అలాంటి మధ్యాహ్నం ఇటాలియన్‌లో ఎవరో ఎవరినో పిలుస్తుంటే పని మానేసి వింటూ కూర్చుంటాను. ఒక్క ముక్క అర్థం కాదు, లేవబుద్ధి కాదు. ఇందులో బూస్టర్ ప్రమేయం ఎక్కడుంది? ఆకాశం మూసుకుని ఉన్నరోజు వెయ్యి వాట్లు పెట్టినా అంతే. తమాషా ఏమిటంటే, అమెరికాలో సీబీ మీద 250 కిలోమీటర్లకు అవతల ఉన్నవాళ్లతో మాట్లాడకూడదన్న నిబంధన 2017 దాకా ఉండేది. తరంగానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మరో నిబంధన మాత్రం నాకు బాగా నచ్చింది. అక్కడ ఒక సంభాషణ ఐదు నిమిషాలకు మించకూడదు, ఆపాక ఒక నిమిషం ఛానెల్ వదలాలి. ట్రంక్ కాల్‌లో మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి చెప్పినదాన్ని నేను, ఆ రూలు రాసినవాళ్ల బాధ నాకు తెలుసు. ఛానెల్ అందరిదీ. తొమ్మిదో ఛానెల్ అక్కడ ఆపదలో ఉన్నవాళ్లది, కబుర్లకు కాదు. సీబీలో కోడ్ మాటలుంటాయి, టెన్-ఫోర్ అంటే సరే, టెన్-నైన్ అంటే మళ్లీ చెప్పు, టెన్-ట్వంటీ అంటే ఎక్కడున్నావు. ఈ మూడూ వస్తే కొత్తవాళ్లకు మొదట్లో సరిపోతుంది.

కాబట్టి సంపాదకుల వారూ, వచ్చే ఆదివారం సవరణలో బూస్టర్ మాట తీసేసి యాంటెన్నా మాట వేయండి. దాంతోపాటు వ్యాసంలో లేని ఒక హెచ్చరిక కూడా: యాంటెన్నా స్తంభాన్ని కరెంటు తీగలకు దగ్గరలో నిలబెట్టకూడదు. పడినా తీగల మీద పడనంత ఎడం ఉండాలి. ఉరుము వినబడేదాకా ఆగకుండా, మబ్బు పట్టగానే కేబుల్ సెట్టు నుంచి ఊడదీయాలి. చోటు చాలదంటే నా ఉత్తరంలో మిగతాదంతా కోసేయండి, ఈ మాటలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(విశ్రాంత టెలిఫోన్ ఆపరేటర్)