వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

నిబంధనావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందే ఈ నివేదిక మీ చేతికి అందాలి. ఈసారి అందింది. మన కళాభిమానుల సంఘం ఉద్దేశాలు మీకు కొత్త కాదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా ఒక సంతాపం. మన నగరానికి చెందిన చిత్రకారులు, సేకరణకర్త జగదీశ్ మిత్తల్ గారు 2025 జనవరిలో కన్నుమూశారు. శాంతినికేతన్‌లో చదువుకుని హైదరాబాద్‌లో స్థిరపడిన ఆయన, భార్య కమలగారితో కలిసి కూడబెట్టిన కళాఖండాలను ఇంటి ఆస్తిగా ఉంచుకోకుండా 1976లో మ్యూజియంగా మార్చారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. సమావేశం మొదట్లో మౌనం పాటిస్తాం, దయచేసి అప్పటికి వచ్చి కూర్చోండి.

ఈ ఏడాది మొదటి కార్యక్రమం రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో నడక. 2016లో వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఆ బస్తీ గోడల మీద వేసిన బొమ్మల్లో కొన్ని ఎండకూ వానకూ వెలిసిపోయాయి. ఒకచోట బొమ్మలోని ముఖానికి సరిగ్గా ముక్కు ఉండాల్సిన చోట కొత్త కిటికీ పెట్టారు. అందులోంచి తువ్వాలు ఆరేస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "బొమ్మల కోసమేనా? అవతలి సందులో దీనికంటే బాగున్నది ఉంది, వెళ్లండి" అని దారి చెప్పారు. వాళ్ల గోడ, వాళ్ల కిటికీ, మనం అనడానికేమీ లేదు. కనీసం ఏ బొమ్మ ఎవరు వేశారో తెలిపే చిన్న పలకలు పెట్టించమని సంబంధిత కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. ఉలుకూ పలుకూ లేదు. వెళ్లి అడిగితే ఫైలు మరో విభాగానికి పంపామన్నారు. ఆ విభాగానికి వెళ్తే తమ దగ్గరికి ఏ ఫైలూ రాలేదన్నారు. ముట్టినట్టు వేసిన ముద్ర, తేదీ ఉన్న నకలు నా దగ్గర భద్రంగా ఉంది. చూడాలనుకున్నవారికి చూపిస్తాను.

వర్షాకాలంలో నగరంలోని ఒక కుటుంబం తమ ఇంటి సేకరణను మనకు చూపించింది. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు, కృతజ్ఞతలు మాత్రం పేరు లేకుండానే చెప్పుకుంటున్నాను. అక్కడ మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్, అంటే ఆమ్లంతో గీతలు తొలిచిన లోహపు పలక నుంచి కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మ, ఒకటి ఉంది. అందులోని మేకను చూసి అందరూ ముచ్చటపడ్డారు. నన్ను నిలబెట్టింది మాత్రం దాని చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుపోయిన అంచు. సిరా పట్టించిన లోహపు పలక మీద తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా ఒత్తితే పడే గుర్తు అది. కింద పెన్సిల్‌తో భిన్నంలా రాసిన అంకెల్లో, హారం మొత్తం ఎన్ని ప్రతులు తీశారో చెబుతుంది, లవం ఇది ఎన్నోదో చెబుతుంది. "అయితే ఇది జిరాక్సేగా!" అన్నారు మన సభ్యులొకరు. ఇంటి పెద్దాయన నొచ్చుకోలేదు. ప్రతి ప్రతికీ పలక మీద మళ్లీ సిరా పూసి, తుడిచి, చేత్తో తీయాల్సిందేనని ఓపిగ్గా వివరించారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మరొక సభ్యులు గోడలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు, వీధి పేరుతో సహా. ఆ రాత్రే తీయించేశాం. మళ్లీ ఆ ఇంటి నుంచి పిలుపు వస్తుందన్న ఆశ నాకు లేదు.

ఇక ఈ ఏడాదికి తలమానికం మన బెంగళూరు యాత్ర. కాచిగూడలో రాత్రి రైలెక్కి వెళ్లాం. శనివారం కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ) చూశాం. వ్యాపారవేత్త అభిషేక్ పొద్దార్ గారి సొంత సేకరణ పునాదిగా ఏర్పడి, 2023 ఫిబ్రవరిలో ఈ భవనంలో తలుపులు తెరిచింది. బయటి గోడలకు గుణకారం గుర్తులాంటి ఒత్తులున్న ఉక్కు పలకలు, దూరం నుంచి అచ్చంగా నీళ్ల ట్యాంకే. కట్టినవాళ్లు కావాలనే అలా కట్టారు. వారి సేకరణలో పేరున్న చిత్రకారుల బొమ్మలే కాదు, సినిమా ప్రచార చిత్రాలకూ బట్టల మిల్లు లేబుళ్లకూ కూడా చోటుంది. మన ఇళ్లలో చెత్తబుట్టలో పడేవి అక్కడ కళాఖండాలతో సమానంగా భద్రంగా ఉండటం నాకు నచ్చింది.

మరునాడు, జనవరి 5, చిత్ర సంతె. కర్ణాటక చిత్రకళా పరిషత్ 2003 నుంచి నడుపుతున్న ఈ సంత కోసం కుమారకృపా రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. రోడ్డుకు రెండు వైపులా చిత్రకారులే కూర్చుని తమ బొమ్మలు తామే అమ్ముకుంటారు. వందల రూపాయల నుంచి లక్షల దాకా ధరలు. గ్యాలరీ గుమ్మం దగ్గర మనలో చాలామందికి కలిగే బెరుకు అక్కడ ఉండదు. వేసిన మనిషి ఎదురుగానే ఉంటాడు, ఎందుకు వేశావని అడగవచ్చు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుర్రాడు రేవులో ఆరబెట్టిన వలలను నీలం సిరాతో గీశాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వల గళ్లలో కొన్ని కావాలని వదిలేశాడు, ఆ ఖాళీల్లోంచే గాలి తెలుస్తోంది. మన సభ్యులొకరు "రెండు తీసుకుంటే ఎంతకిస్తావు బాబూ?" అని వంకాయల బేరం మొదలుపెట్టారు. అధ్యక్షులవారు కల్పించుకుని అతను చెప్పిన ధరకే ఒకటి కొని సంఘం కార్యాలయానికి బహూకరించారు. వారికి ప్రత్యేక ధన్యవాదాలు. మధ్యాహ్నానికి జనం తోసుకునే స్థితి వచ్చింది, బొమ్మ ముందు నిమిషం నిలబడే వీలు లేకపోయింది. పొద్దున్నే వెళ్లాలని నేను పట్టుబట్టింది ఇందుకే. అల్పాహారం కోసం ఆగిపోయినవారు వీపులు చూసి వచ్చారు.

ఈ యాత్రకు బస చూసిపెట్టిన సభ్యురాలి చెల్లెలుగారికి, కన్నడంలో మాట్లాడి ఆటోలు కుదిర్చిన మా ఉపాధ్యక్షులకు, మాత్రల డబ్బా మోసిన డాక్టరుగారికి, రెండు రోజులూ తలలు లెక్కపెట్టిన కోశాధికారిగారికి పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లిచ్చి, బెర్తులు ఖరారయ్యాక, బయలుదేరే రోజు సాయంత్రం ఫోను ఎత్తని వారి గురించి ఏమీ రాయను. వారికి తెలుసు.

ఫిబ్రవరిలో కొందరు సభ్యులు సొంత ఖర్చుతో ఢిల్లీ ఓఖ్లాలో జరిగిన ఇండియా ఆర్ట్ ఫెయిర్‌కు వెళ్లివచ్చారు. 2008లో ఆర్ట్ సమ్మిట్ పేరుతో మొదలైన సంత ఇదే. ఇక్కడ బొమ్మలు అమ్మేది చిత్రకారులు కాదు, గ్యాలరీల వాళ్లు. చాలా స్టాళ్లలో ధర రాసి ఉండదు, అడిగితే చెబుతారు. అడగడానికి మొహమాటపడి ఒక్క ధరా తెలుసుకోకుండా వచ్చామని వారు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమోదు చేస్తున్నాను.

లెక్కలు: ఆడిటరు సంతకంతో పట్టిక జతపరిచాం. కొద్దిగా మిగులుంది. యాత్రలో రైలు టికెట్లు, బస ఎవరివి వారే భరించారు. చందా బకాయిల జాబితా కూడా ఉంది. సందేహాలుంటే కోశాధికారిగారిని అడగండి, నన్ను కాదు.

వచ్చే ఏడాది కొచ్చికి వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. రెండేళ్లకోసారి జరిపే కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బియన్నాలే, ఈసారి ఆరోది, 2025 డిసెంబర్ 12న మొదలై 2026 మార్చి 31 దాకా ఉంటుంది. కళాకారులు నిఖిల్ చోప్రా, గోవాలోని కళాకారుల బృందం హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్ కలిసి రూపకల్పన చేస్తున్నారు. ప్రారంభానికే వెళ్దామని కొందరన్నారు. 2022లో పనులు పూర్తికాక ప్రధాన ప్రదర్శన డిసెంబర్ 12 నుంచి 23కు వాయిదా పడింది, టికెట్లు కొన్నవాళ్లు ఇబ్బందిపడ్డారు. అందుకని సంక్రాంతి వెళ్లాకే బయలుదేరుతాం.

పేరిచ్చేవారు సగం సొమ్ము ముందుగా కట్టాలి, మానుకుంటే తిరిగి ఇవ్వబడదు. ఈ తీర్మానం మీద అభ్యంతరాలున్నవారు సమావేశానికి వచ్చి చెప్పాలి. వాట్సాప్‌లో రాసినవి పరిగణించం. సమావేశం పది గంటలకు మొదలవుతుంది, టిఫిన్ తొమ్మిదిన్నరకే ముగుస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి
హైదరాబాద్