కర్ర ఆరలేదని చెప్పాను, అసలు కారణం అది కాదు

కుర్చీలకు ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్న మీ అందరికీ నమస్కారం. 6 వారాల్లో ఇస్తామన్నాం. చాలామందికి 14 వారాలు దాటినా అందలేదు. ఫోన్ చేసి అడిగినవాళ్లకు “కర్ర ఇంకా ఆరలేదండీ” అని చెప్పాను. అలా చెప్పడం తప్పు. కర్ర ఆరి సిద్ధంగానే ఉంది, దాన్ని కుర్చీ చేసే చేతులే లేవు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి నెపం కర్ర మీదకి నెట్టాను. క్షమించండి. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతాను.

మా కార్ఖానాకు యజమాని అంటూ ఒక్కరు లేరు. ఒకేచోట కలిసి బతుకుదామని కోరి వచ్చిన 23 మంది పెద్దవాళ్లం, మా పిల్లలు. స్థలం, ఇళ్లు, వంటగది, రంపాలు, చిత్రికలు అన్నీ ఉమ్మడివే. ఎవరికీ విడిగా జీతం ఉండదు. కుర్చీల మీద వచ్చే డబ్బుతోనే అందరి తిండి, మందులు, చదువులు గడుస్తాయి. ఆర్డర్లు, లెక్కలు చూసేది నేను కాబట్టి ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. పంపే ముందు సమావేశంలో అందరికీ చదివి వినిపించాను.

కిందటేడు ఒక పెద్ద కొనుగోలుదారు మా దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా నెలకు మేం చేస్తున్నవాటికి మూడు రెట్లు కుర్చీలు కావాలన్నారు. కార్ఖానా పైకప్పు కారుతోంది, మార్చడానికి డబ్బు లేదు. ఎక్కువ ఆలోచించకుండా ఒప్పేసుకున్నాం. కార్ఖానాలో చేసే 7 మందీ వారానికి 60 గంటలు పని చేశారు. వాళ్లు చూసుకోవాల్సిన తోటపని, అంట్లు, బట్టలు, పెద్దవాళ్ల సంరక్షణ మిగతావాళ్ల మీద పడ్డాయి. అది మాకు పెద్ద విషయంగా అనిపించలేదు. కుర్చీ చేసేవాళ్లు కష్టపడుతున్నారు కదా, మిగతావాళ్లు కాస్త సాయం పట్టాలి అనుకున్నాం. ‘సాయం’ అనే ఆ మాట దగ్గరే తప్పు జరిగింది.

పని పంచుకునే పద్ధతిని మేం మొదట్లో ట్విన్ ఓక్స్ వాళ్లని చూసి నేర్చుకున్నాం. అమెరికాలోని వర్జీనియాలో 1967లో 8 మందితో మొదలైన సమూహం అది. తర్వాత వంద మంది దాకా పెరిగింది. అప్పట్లో అక్కడ మనిషికి వారానికి సుమారు 42 గంటల పని. ఊయల అల్లినా, టోఫు (సోయా పన్నీరు) చేసినా, వంట చేసినా, పిల్లల్ని చూసుకున్నా గంట అంటే గంటే. డబ్బు తెచ్చే గంటకు ఒక విలువ, అన్నం వండే గంటకు ఇంకో విలువ ఉండదు. 42 గంటలంటే ఎక్కువేనని కొందరు అంటారు. బయట ఉద్యోగం చేసి ఇంటికొచ్చాక వంట, బట్టలు, పిల్లల పని చేసే మనిషి ఆ గంటల్ని కూడా కలిపి చూసుకుంటే లెక్క వేరేలా ఉంటుంది.

మేమూ మొదట్లో అలాగే పుస్తకంలో రాసుకునేవాళ్లం. పెద్ద ఆర్డరు వచ్చాక కార్ఖానా గంటలు మాత్రం రాసి, మిగతావి వదిలేశాం. ఏళ్లుగా మా అందరికీ వండిపెడుతున్న అక్క ఒకరు సమావేశంలో లేచి, “మీ అలసటకు పుస్తకంలో లెక్కుంది, నా అలసటకు లేదు” అన్నారు. ఎవరం సమాధానం చెప్పలేకపోయాం. అప్పటికైనా సరిచేసుకోవాల్సింది. ఈ ఆర్డరు ఒక్కటి పూర్తి చేసి చూద్దాం అనుకున్నాం. రెండు నెలల్లో ముగ్గురు వెళ్లిపోయారు. ఆ అక్క ఒకరు. మిగతా ఇద్దరూ కార్ఖానాలో అతుకుల పనిలో అందరికంటే చేయి తిరిగినవాళ్లు. మీ కుర్చీలు ఆగింది అక్కడే.

పర్యావరణం గురించి మీలో చాలామంది శ్రద్ధగా అడుగుతుంటారు. నేను ప్రతిసారీ కర్ర గురించే చెప్పేవాణ్ణి: పాత ఇళ్ల దూలాలు వాడతాం, రసాయనాల పాలిష్ కాకుండా నూనె పడతాం అని. అది నిజమే. కానీ మేం ప్రకృతికి చేసే మేలులో కుర్చీ వాటా చిన్నది. 23 మందికి ఒక వంటగది, రెండు వాహనాలు, రెండు వాషింగ్ మెషిన్లు ఉండటం, పనికి నడిచి వెళ్లడం, అసలు పొదుపు అక్కడుంది. స్కాట్లాండ్‌లోని ఫైండ్‌హార్న్ సమూహం మీద 2006లో వచ్చిన అధ్యయనంలో వాళ్ల పర్యావరణ పాదముద్ర, అంటే మనిషి వాడకానికి ప్రకృతి మీద పడే భారం లెక్క, బ్రిటన్ సగటులో సగమే అని తేలింది. ఒక్కొక్కరూ గొప్ప త్యాగాలు చేయడం వల్ల వచ్చిన ఫలితం కాదది. తిండి ఎక్కువగా శాకాహారం, చాలావరకు దగ్గర్లో పండించింది. వసతులు పంచుకుంటారు. కారు ప్రయాణాలు చాలా తక్కువ.

మరి ముగ్గురు మమ్మల్ని వదిలి వెళ్లినప్పుడు ఏం జరిగింది? ముగ్గురికీ మూడు ఇళ్లు, మూడు పొయ్యిలు, మూడు ఫ్రిజ్‌లు వచ్చాయి. మేం పాత దూలాలతో మిగిల్చింది ఆ ఇళ్లలో ఖర్చయిపోతుంది. మనుషుల్ని అలసిపోయేలా చేసి కుర్చీని మాత్రం పర్యావరణహితం అని అమ్మడం సరికాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట కుర్చీ కార్డు మీద నేనే రాశాను. దాన్ని ఇప్పుడు తీసేశాం.

ఇలా చెబితే డబ్బు గురించి పట్టించుకోవడం లేదనుకోకండి. ఫైండ్‌హార్న్‌లో కూడా ఆ సమూహానికి మూలమైన సంస్థ డబ్బు చాలక 2023లో శిక్షణ తరగతుల్ని ఆపేయాల్సి వచ్చింది. ట్విన్ ఓక్స్ ఊయలలు ఏళ్ల తరబడి కొన్న ఒక పెద్ద రిటైల్ సంస్థ కొనడం మానేసినప్పుడు వాళ్లకు గట్టి దెబ్బే తగిలింది. టోఫు లాంటి వేరే పనులు ఉండబట్టి తట్టుకున్నారు. స్పెయిన్‌లోని మోండ్రాగన్ సహకార సంఘాల్లో 1956లో మొట్టమొదట పుట్టిన కంపెనీ 2013లో దివాలా తీసింది. అందులోని సభ్యుల్లో చాలామందికి అదే కూటమిలోని మిగతా సంఘాలు పని చూపించాయి. మాకు అలాంటి కూటమి లేదు, రెండో వ్యాపారమూ లేదు. మా ఆర్డర్లలో సగానికి పైగా ఒక్కరి చేతిలో పెట్టాం. వాళ్లు ఆపేసి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి కార్ఖానాయే మిగిలేది కాదు.

అందుకే ఆ ఒప్పందాన్ని మేమే ముగించాం. 5 సమావేశాలు పట్టింది. పైకప్పు సంగతేమిటని ఇద్దరు గట్టిగా అడ్డుచెప్పారు, వాళ్ల భయం న్యాయమైనదే. మెజారిటీ ఉంది కదా అని దాటేస్తే మళ్లీ పాత తప్పే చేసినట్టు. ఒప్పుకున్న చివరి విడత ఇచ్చేసి, ఆ డబ్బుతో సగం కప్పు వేశాం. మిగతా సగం కింద ప్రస్తుతానికి పని చేయం, కర్ర కూడా పెట్టం.

ఇకమీదట వారానికి మనిషికి 40 గంటలే, వంటతో సహా. నెలకు 30 కుర్చీలు చేస్తాం. ఏ ఒక్క కొనుగోలుదారుకూ అందులో నాలుగో వంతు మించి ఇవ్వం. కొత్త ఆర్డరు 12 వారాలు పడుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఇన్నాళ్లూ ధరలో కర్ర, నూనె, కార్ఖానా గంటలు మాత్రమే లెక్కవేశాం. ఇప్పుడు ఆ గంటలు నడవడానికి వెనక జరిగే వంట, శుభ్రం, సంరక్షణ గంటలు కూడా కలిపాం. ఇప్పటికే ఆర్డరిచ్చినవాళ్లకు పాత ధరే ఉంటుంది. ఆగలేమనుకుంటే చెప్పండి, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం.

ఇంకో విషయం ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. పాత దూలాలు సరిపోక ఆ హడావుడిలో కొంత కొత్త కర్ర కొన్నాం. తేమ 12 శాతం లోపుకు వచ్చేదాకా ఆగకుండా కొన్ని కుర్చీలు బిగించేశాం. పచ్చి కర్ర ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో పెద్దగా తగ్గదు. దాంతో కాలి అతుకు రంధ్రంలో వదులవుతుంది. ఆరిన కర్రను ఆరలేదన్న నేను, ఆరని కర్రను అప్పట్లో మీకు అమ్మాను.

సీటు అడుగున 410 నుంచి 560 లోపు నంబరు ఉంటే దయచేసి కుర్చీని తిరగేసి చూడండి. ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో కాలినీ పక్కలకు కదపండి. కొంచెం ఆడినా దాని మీద కూర్చోవద్దు, పిల్లల్ని అసలే ఎక్కనివ్వొద్దు. మీరే జిగురు పోయడం, మేకు కొట్టడం చేయకండి, తర్వాత అతుకు విప్పడం కష్టమవుతుంది. నంబరు పంపితే చాలు, మా ఖర్చుతో తెప్పించుకుని కాళ్లు మార్చి పంపుతాం. ఈ కుర్చీల పని అయ్యాకే కొత్తవి మొదలుపెడతాం.