కాంటా దగ్గర వచ్చే శోధన

సంపాదకులకు నమస్కారం.

వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తరుగు పేరుతో రైతులను ముంచుతున్నారని మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. అవి అబద్ధం కాదు. కాంటా ఇవతల నిలబడే మాలాంటి వాళ్లెవరూ రాయడం నేను చూడలేదు, అందుకే ఈ ఉత్తరం. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింది ఊరు. మహిళా సంఘం నడిపే కేంద్రంలో తూకం చూసి పట్టీ రాయడం నా పని. ఆదివారం చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను. మా ఊళ్లో సంఘం అంటే డ్వాక్రా సంఘమూ అవుతుంది, చర్చీ అవుతుంది. రెండింట్లోనూ నేనున్నాను. తంటా కూడా అక్కడే వచ్చింది.

మొన్నటి వానాకాలం కోతలప్పుడు లారీ వెంట వచ్చే ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. సంచిలో పట్టేది 40 కిలోలు. ఖాళీ గోనె సంచి 580 గ్రాములు. అంటే కాంటా మీద 40 కిలోల 600 గ్రాముల దగ్గర అంకె ఆగితే సరి. "ఇంకో కిలో ఎక్కువ పెట్టు అక్కా. మిల్లోళ్లు ఎట్లాగూ తూకంలో కోస్తరు. ఆ కోతకు పోను మిగిలింది ఎవరిదో ఒక రైతు భూమి పాసుబుక్కు మీద అమ్మినట్టు ఎక్కిద్దాం. మీ చర్చి రేకులు కారుతున్నయంట గదా" అన్నాడు.

చివరి మాట లేకపోతే ఆయన్ను తిట్టి పంపేదాన్ని. రేకుల మాటతో మెత్తబడ్డాను. మనసులో లెక్క కూడా వేశాను. రోజుకు 500 సంచులనుకుంటే ఐదు క్వింటాళ్లు, గ్రేడ్ ఏ వడ్లకు అప్పటి మద్దతు ధర క్వింటాలుకు 2,389 చొప్పున 11,945 రూపాయలు. నాలుగు రోజులు కళ్లు మూసుకుంటే రేకులు వచ్చేస్తాయి, నాకంటూ పైసా అక్కర్లేదు అనుకున్నాను. సైతాను యేసు ప్రభువును శోధించినప్పుడు, అంటే తప్పు చేయమని ఆశ పెట్టినప్పుడు కూడా, బైబిల్లోని కీర్తన వచనమే ఎత్తి చెప్పాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ పూట నాకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ఒక ముసలాయన వడ్లు కాంటాకు వచ్చాయి. తేమ 17 శాతం లోపలే ఉంది, తాలు లేదు, వంక పెట్టడానికేమీ లేదు. 46 సంచులు. ఒక్కో సంచి 41 కిలోల 600 దాకా నింపాక గానీ దించమనలేదు. హమాలీలు నా మొహం చూశారు, మాట్లాడలేదు. ఆయన టార్పాలిన్ పట్టా అంచు మీద కూర్చుని మబ్బులు చూస్తూ ఉన్నాడు. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో, అడగలేదు.

బైబిల్లో సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. ఏ తేదీకి ఆ అధ్యాయం చదవడం నాకు పదేళ్ల అలవాటు. ఆ రోజు 11. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అనే మాట ఆ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. దేవుడు నాతో మాట్లాడాడని సాక్ష్యం చెప్పబోవడం లేదు. తేదీ 11, అంతే. అదే వచనాన్ని ప్రతి నెలా చదివాను, ప్రతి నెలా వేరేవాళ్ల కాంటా గురించే అనుకున్నాను.

తెల్లారి లారీ ఇంకా కదల్లేదు. 46 సంచులకూ సుతిలి కుట్లు విప్పించాను. ఒక్కో కిలో తీస్తే ఒక నిండు సంచి, పైన ఆరు కిలోలు తేలాయి. 1,099 రూపాయల సరుకు. రెండోసారి కుట్టినందుకు హమాలీలు కూలి అడిగారు, న్యాయమే, నా చేతి డబ్బు ఇచ్చాను. ముసలాయనకు జరిగింది చెప్పాను. "నిన్ననే తెల్సు బిడ్డా. వానొస్తదేమోనని ఊకున్న" అన్నాడు. నన్ను తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మిల్లుల కోత మీద అధికారులు గట్టిగా ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ మిల్లు పేరు చెప్పి నేను తప్పించుకోలేను. మనిషి "తన స్వకీయమైన దురాశచేత" ఈడ్వబడతాడని బైబిల్లో యాకోబు పత్రికలో, అంటే ఆయన రాసిన ఉత్తరంలో ఉంది. ఆ ఒక్క కిలో మిల్లు నింపలేదు, నేను నింపించాను.

మా పాస్టర్లకు ఒక మాట, గౌరవంతోనే. శోధన అంటే కల్లు, సినిమా, సెల్‌ఫోన్. చిన్నప్పటి నుంచి ఇవే వింటున్నాను. వడ్ల సీజన్లో మా బెంచీల మీద కూర్చునేది రైతులు, హమాలీలు, కాంటా వేసేవాళ్లు, మిల్లులో గుమస్తాలు. వాళ్లకు కావలసిన జ్ఞానం కాంటా దగ్గర నిలబడ్డాక ఆలోచిస్తే రాదు. వెనక లారీ హారన్ కొడుతుంటుంది, పైన మబ్బు, ముందు మనిషి. ఏ అంకె దగ్గర ఆపాలో ఇంట్లోనే తేల్చుకుని రావాలి. నేనిప్పుడు కాంటా డిస్‌ప్లే రైతు వైపు తిప్పి పెడుతున్నాను. పక్కన పలక మీద సుద్దతో 40 కిలోల 600 గ్రాములు అని రాస్తున్నాను. నా మీద నాకు నమ్మకం ఎక్కువై కాదు, తక్కువై.

దీనివల్ల అంతా చక్కబడిందేమీ లేదు. తర్వాత మా లారీ ఒకటి మిల్లు ముందు రెండు రోజులు ఆగింది. సంఘంలో ఒకామె నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. చర్చి రేకులు కారుతూనే ఉన్నాయి, వాన పడితే మూడో బెంచీ కింద బకెట్ పెడుతున్నాం.

యాసంగి కోతలు దగ్గరపడ్డాయి. కేంద్రం తెరవకముందే ఒక ఆదివారం కాంటా మీద ప్రసంగం చెప్పమని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. చూద్దామమ్మా అన్నారు.

(పేరు వేయవద్దని మనవి)
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా