నా జీతం పెరిగిన నెల: ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రికి ఒక కేర్‌గివర్ బహిరంగ లేఖ

ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. నేను మీ దిమోనా ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లోనే ఉండి ఆమెను చూసుకునే కేర్‌గివర్‌ని. మాది తెలంగాణలో జగిత్యాల దగ్గర ఒక పల్లె. హీబ్రూ మాట్లాడతాను, మందుల డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. మంత్రికి ఉత్తరం రాసేంత మాత్రం రాదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. బీర్షెబాలో ఒక స్నేహితురాలు దీన్ని హీబ్రూలోకి మార్చి మీకు పంపుతానంది. తెలుగులో ఉంటే మా ఊళ్ళో వాళ్ళూ చదువుతారు. ఇజ్రాయెల్‌లో ఉన్నామంటే డబ్బులు చెట్టుకు కాస్తాయనుకుంటారు, వాళ్ళకూ కొంచెం లెక్క తెలియాలి.

నేను చూసుకునే ఆవిడను ఆజీ అని పిలుస్తాను. మరాఠీలో అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా ఆజీయే. ఆమె బెనే ఇజ్రాయెల్ అనే మన దేశపు యూదుల సమాజం మనిషి, కొంకణ్ తీరం మూలాలు, బొంబాయిలో పుట్టింది. 1960ల్లో పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి ఇక్కడికి వచ్చింది. నాతో హిందీలో మాట్లాడుతుంది, కోపం వస్తే మరాఠీలోకి, నొప్పి వస్తే హీబ్రూలోకి వెళ్తుంది.

2025లో పస్కా పండుగ ఏప్రిల్ 12 సాయంత్రం మొదలైంది. ఆ వారం యూదులు పులిసిన గోధుమ పిండి వంటలేవీ తినరు. యూరప్ నుంచి వచ్చిన వాళ్ళల్లో చాలామంది బియ్యం కూడా ముట్టరు. ఆజీ వాళ్ళు తింటారు. కాకపోతే బియ్యంలో గోధుమ గింజ ఒక్కటి కూడా ఉండకూడదని మూడుసార్లు ఏరాలి. పండుగకు రెండు రోజుల ముందు ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. స్టీలు పళ్ళెంలో బియ్యం పరిచి నేను ఒక పక్క నుంచి, ఆమె ఇంకో పక్క నుంచి ఏరుతున్నాం. ఆమె చూపు సరిగా ఆనదు, వేలికొసతో తడిమి ఏరుతుంది. రెండోసారి ఏరడం సగంలో ఉండగా తల ఎత్తకుండానే అడిగింది: "బేటీ, నీ జీతం ఎంత పెరిగింది?"

ఆ నెల ఒకటో తారీకు నుంచి కనీస వేతనం 5,880 షెకెళ్ళ (షెకెల్ అంటే ఇక్కడి డబ్బు) నుంచి 6,247 షెకెళ్ళకు పెరిగింది. మంత్రి గారూ, మీకు తెలియనిది కాదు. మూడు వందల అరవై ఏడు షెకెళ్ళు. మా ఇంట్లో ఫోన్ చేసి చెబితే మా అత్తమ్మ పక్కింటికి వినబడేలా సంతోషపడింది. నేను మాత్రం ఆ బల్ల దగ్గర జవాబు చెప్పలేక గింజలు ఏరుతూ కూర్చున్నాను. ఆ డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో మా ఇద్దరికీ తెలుసు.

తెలుగు వాళ్ళ కోసం కొంచెం విడమరిచి చెప్తాను. తన పని తాను చేసుకోలేని ముసలివాళ్ళకు ఇక్కడ బితువాహ్ లేఉమి అనే జాతీయ బీమా సంస్థ ఒక భత్యం ఇస్తుంది. దాన్ని సియూద్ అంటారు. మనిషి ఎంత మంచం పట్టారో చూసి దానికి ఆరు మెట్లు పెట్టారు. మంచి ఏర్పాటు, మా దగ్గర లేనిది. మా నాయన మంచాన పడ్డప్పుడు ఏ ప్రభుత్వమూ మనిషిని పెట్టలేదు, మా అమ్మే నడుము విరిగేదాకా చేసింది. కానీ ఆ భత్యం నా జీతంలో ఒక భాగాన్నే మోస్తుంది. మిగతాది ఆజీ పెన్షన్ లోంచి, ఆమె పెద్దకొడుకు జేబులోంచి రావాలి. జీతంతో అయిపోదు. నాకు ఆరోగ్య బీమా, నా పేరున జాతీయ బీమా, దేశం వదిలి వెళ్ళేటప్పుడు చేతికొచ్చే డిపాజిట్, ఏజెన్సీకి నెలనెలా కట్టేది, ఏడాదికోసారి సెలవు డబ్బులు, ఇవన్నీ ఆజీ కట్టాలి. కాగితాల మీద ఆమె నా యజమాని. ఎనభై ఏళ్ళు దాటిన, స్నానానికి ఒకరు పట్టుకోవాల్సిన యజమాని.

ఇక ఆమె ఆదాయం. ఒంటరి మనిషికి వచ్చే మూల వృద్ధాప్య పెన్షన్ రెండు వేల షెకెళ్ళ లోపే. పనిచేసిన ఏళ్ళకు కొంత, ఎనభై దాటినందుకు కొంత కలుపుతారు. ఉద్యోగ పెన్షన్ అంటారా, ఆమె దిమోనాలో ఒక బట్టల మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. ప్రతి యజమానీ పెన్షన్ కట్టి తీరాలన్న నియమం మీ దేశంలో 2008లో గాని రాలేదు. అప్పటికి ఆమె మిల్లు మానేసి ఎన్నో ఏళ్ళయింది. మిల్లు నుంచి ఆమెకు మిగిలింది ఎడమ చెవి సరిగా వినబడకపోవడం.

నా జీతం సగటు వేతనంలో 47.5 శాతంగా చట్టంలో కట్టి ఉంది. దేశంలో జీతాలు పెరిగితే నాదీ పెరుగుతుంది, ఏప్రిల్‌లో. ఆజీ పెన్షన్ ధరల సూచీకి కట్టి ఉంది, జనవరిలో సవరిస్తారు. జీతాలు ధరల కన్నా వేగంగా పెరిగిన ప్రతి ఏడూ మా ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. ఒక తాడు మీరు నాకు కట్టారు, ఇంకో తాడు ఆమెకు కట్టారు, రెండూ ఒకే ఇంటి చూరుకు వేలాడుతున్నాయి.

నా జీతం తగ్గించమని అడగడం లేదు, ముందే చెప్తున్నాను. ఇంట్లోనే ఉండి పనిచేసే మాలాంటి వాళ్ళకు ఓవర్‌టైమ్ చట్టం వర్తించదని 2013లో మీ సుప్రీంకోర్టు తేల్చేసింది. రాత్రి మూడుసార్లు లేచినా లెక్క ఒకటే. లక్షన్నర రూపాయల దరిదాపు జీతం అని మా ఊళ్ళో చెప్పుకుంటారు గాని, ఇక్కడికి రావడానికి చేసిన అప్పు తీరడానికే రెండేళ్ళు పట్టింది. చేతిలో నేను ఉంచుకునేది వారానికి వంద షెకెళ్ళు. మిగతాది కొడుకు చదువుకు, అప్పుకు.

శుక్రవారం పొద్దుగూకక ముందు, దీపాలు వెలిగించే లోపు, ఆజీ ఫోన్‌లో ఇంటిల్లిపాదీ కలుస్తారు. ఫోన్ పట్టుకునేది నేనే కాబట్టి అందరి కష్టసుఖాలూ నాకు తెలుసు. కూతురు న్యూజెర్సీలో ఉంది, భార్యాభర్తలిద్దరివీ మంచి ఉద్యోగాలు. మొదట్లో నాకు ఆవిడంటే కోపం ఉండేది, అంత సంపాదిస్తూ తల్లికి ఇంకొంచెం పంపలేదా అని. ఒక శుక్రవారం ఆవిడే చెప్పింది. పిల్లలిద్దరూ యూదుల బడికి వెళ్తారు. అక్కడి ప్రభుత్వం మత బడుల జీతాలు మోయదు. ఒక్కో పిల్లకు ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటుతుంది ఫీజు. దాని మీద సినగాగ్ (వాళ్ళ ప్రార్థనా మందిరం) చందా, కోషర్ మాంసం, అంటే యూదు మత నియమం ప్రకారం తయారైనది, కోషర్ కొట్లున్న పేటలోనే ఇల్లు కొనాలి కాబట్టి ఆ ఇంటి వాయిదా. టొరొంటోలో ఉన్న చిన్నకొడుకుది ఇంకో రకం మంట. ఒంటారియోలో క్యాథలిక్ బడులకు సర్కారు డబ్బిస్తుంది, యూదుల బడులకు ఇవ్వదు. కోర్టుకెక్కితే 1996లో అక్కడి సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. లండన్‌లో ఉన్న మనవరాలు మాత్రం నవ్వుతుంది. అక్కడ చాలా యూదు బడులు సర్కారు సొమ్ముతోనే నడుస్తాయి, తల్లిదండ్రుల్ని మత పాఠాలకు, కాపలాకు మాత్రం చందా అడుగుతారు. ఒకే కుటుంబం, అదే ప్రార్థన, అదే వంట. ఏ దేశంలో పిల్లల్ని కన్నారన్న దాన్ని బట్టి ఇంట్లో మిగిలేది మారిపోతోంది.

మీరు ఇది వింటే సంతోషిస్తారేమో, "చూశావా, ఇజ్రాయెల్ వస్తే బడి ఉచితం" అని. కూతురూ ఆ లెక్క వేసింది. బడి ఫీజు మిగులుతుంది సరే, జీతం సగమవుతుంది, ఇల్లు కొనలేం, కారు ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి అని ఊరుకుంది. ఆజీ విని ఒక మాటంది: "అక్కడ బడి తింటోంది, ఇక్కడ ఇల్లు తింటోంది. నన్ను మాత్రం పాలూ రొట్టే తింటున్నాయి."

పాల సంగతికి వస్తాను. నేను రాక ముందు జరిగిన గొడవలు ఆజీ పెద్దకొడుకు చెప్తుంటాడు. 2006లో కాటేజ్ చీజ్ మీద ధరల అదుపు ఎత్తేశారట. 2011కి చిన్న డబ్బా ఏడెనిమిది షెకెళ్ళకు చేరితే జనం ఫేస్‌బుక్‌లో కూడబలుక్కుని కొనడం మానేశారు, ధర ఆరు లోపుకు దిగింది. ఆ జులైలోనే తెల్ అవీవ్‌లో రోత్‌షిల్డ్ వీధి నిండా ధరల మీద నిరసనగా గుడారాలు వెలిశాయి. సెప్టెంబరులో లక్షల మంది రోడ్డెక్కారు. 2014లో ఇక్కడి వాడొకడు బెర్లిన్ వెళ్ళి, ఇక్కడ మిల్కీ పేరుతో అమ్మే పుడింగ్ లాంటిది అక్కడ ఎంత చవకో బిల్లు ఫోటో పెట్టాడు, దేశమంతా అదే మాట. జర్మనీలో చవకగా దొరుకుతోందని యూదులు చెప్పుకోవాల్సి రావడం ఎంత మంట పుట్టించిందో పెద్దకొడుకు మొహం చూస్తే తెలుస్తుంది. ఇన్ని గొడవల తర్వాత ఇవాళ లీటరు పాల ప్యాకెట్, అదీ సర్కారు అదుపులో ఉన్న ధరే, ఏడు షెకెళ్ళ పైచిలుకు. మన డబ్బుల్లో నూట యాభై దాటుతుంది. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు లీటర్ల గేదె పాలు వస్తాయి.

పాల సరుకుల మీద దిగుమతి సుంకాలు, నాలుగైదు పెద్ద కంపెనీల చేతుల్లో మార్కెట్, ప్రతి సరుకుకూ కోషర్ ముద్ర కోసం ఇంకో ఖర్చు, కారణాలు ఇవీ అని టీవీలో చర్చలు వింటూనే ఉంటాను. ఐరోపాకు పనికొచ్చిన సరుకు మనకూ పనికొస్తుందంటూ 2025 జనవరిలో మీ ప్రభుత్వం ఒక సంస్కరణ తెచ్చింది. అదే జనవరి ఒకటిన వ్యాట్ 17 నుంచి 18కి పెంచారు. యుద్ధం ఖర్చు అన్నారు. సైరన్ మోగినప్పుడు వీల్‌చైర్ తోసుకుంటూ షెల్టర్‌కి పరుగెత్తేదాన్ని నేనే, యుద్ధం సంగతి నాకూ తెలుసు. పండ్లు, కూరగాయల మీద వ్యాట్ లేదు, అది మెచ్చుకోవాలి. కానీ ఆజీ డైపర్ల మీద ఉంది, రొట్టె మీద ఉంది, కరెంటు మీద ఉంది. దిమోనా వాళ్ళకు ఆదాయపన్నులో రాయితీ ఇస్తున్నామని మీ వాళ్ళు గొప్పగా చెప్తారు. పన్ను కట్టేంత ఆదాయం ఉంటే కదా ఆ రాయితీ! ఆజీకి అది ఒక్క షెకెల్ తెచ్చిపెట్టదు.

ఆమె ఎక్కడ తగ్గిస్తుందో చెప్తాను. ఏదైనా మంచి జరిగితే బెనే ఇజ్రాయెల్ ఇళ్ళల్లో మలీదా చేస్తారు. నానబెట్టిన అటుకుల్లో చక్కెర, కొబ్బరి తురుము, యాలకులు, పైన పండ్లు పెట్టి ఏలియా ప్రవక్త పేరున ప్రార్థన చేస్తారు. మొదటిసారి చూసినప్పుడు మా ఇంట్లో కృష్ణాష్టమి ప్రసాదం అనుకున్నాను. ఇక్కడ ఇండియన్ కొట్లో అటుకులు, కొబ్బరికాయ దొరుకుతాయి గాని ధర అడగొద్దు. మునిమనవడు పుట్టినప్పుడు ఒక కాయకు బదులు సగం ప్యాకెట్ ఎండు కొబ్బరి పొడితో కానిచ్చింది. "ఏలియా ఏమీ అనుకోడు" అంది. ఆ రోజంతా మళ్ళీ మాట్లాడలేదు.

ఒకసారి మాటల్లో మా తెలుగు నేల మీదా యూదులమని చెప్పుకునే వాళ్ళు ఉన్నారని ఆజీతో అన్నాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం వాళ్ళు, చాలామంది కూలి పనులు చేసుకునే వాళ్ళు, సొంత ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఆమె వెంటనే అడిగిన ప్రశ్న, "వాళ్ళల్లో ముసలివాళ్ళను ఎవరు చూస్తారు?" అని. కోడళ్ళు అన్నాను.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. సియూద్ భత్యాన్ని కనీస వేతనానికి కట్టండి. ఏప్రిల్‌లో నా జీతం ఎంత పెరిగితే, అదే ఏప్రిల్‌లో ఆమె భత్యం అంత పెరగాలి. ఇంత వయసున్న వాళ్ళు యజమానిగా కట్టాల్సిన బీమా, డిపాజిట్ లాంటివి, కనీసం ఇంకే ఆదాయమూ లేని వాళ్ళ విషయంలో, బితువాహ్ లేఉమియే నేరుగా కట్టాలి. పెద్దల డైపర్లు, మంచం పట్టిన వాళ్ళకు వాడే సామాను మీద వ్యాట్ తీసేయండి. టమాటా మీద లేనిది వీటి మీద ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇవి చేస్తే బడ్జెట్ ఎంత పెరుగుతుందో మీ అధికారులు లెక్క కడతారు. దాని పక్కనే ఇంకో లెక్క కూడా కట్టమనండి. డబ్బు చాలక నన్ను మాన్పించి, ఆజీని వృద్ధాశ్రమంలో చేరిస్తే సర్కారుకు నెలకు ఎంతవుతుందో చూడమనండి.

ఆ రోజు బియ్యం మూడోసారి ఏరుతుండగా ఎంత పెరిగిందో చెప్పాను. ఆజీ వేళ్ళ మీద లెక్క వేసుకుంది, మిల్లులో నేర్చుకున్న పద్ధతట, బొటనవేలితో కణుపులు ముట్టుకుంటూ. తర్వాత "నీ కొడుక్కి ఫీజు కట్టు ముందు" అంది. వారం తిరక్కుండానే ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయిని వారానికి రెండుసార్లు బదులు ఒకసారి రమ్మంది. కాలు బాగానే ఉందని నాతో చెప్పింది. కాలు బాగా లేదు, రోజూ పట్టుకుని నడిపించేది నేనే.

మీ జవాబు హీబ్రూలోనే పంపండి, ఆజీ చదువుతుంది. చదవడం ఆమెకు ఇష్టం. కాకపోతే అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయించండి.

ఇట్లు,
దిమోనా నుంచి ఒక తెలుగు కేర్‌గివర్